కోటమ్మ గొంతు కోసం మైపాడు దాకా

దొరవారిసత్రంలో బస్సెక్కేముందే కోటమ్మకు గట్టిగా చెప్పాను. "నోరు తెరిచినావంటే నెల్లూరులో వదిలేసి వచ్చేస్తా." ఆమె చెయ్యెత్తి నన్ను కొట్టబోయినట్టు చూపించింది. ఏళ్ళ తరబడి ఒకే వీధుల్లో చేపలమ్ముకున్నాం ఇద్దరం. నేను మాట్లాడుతుంటే ఆమె ఊరుకోవడం ఈ మధ్యే చూస్తున్నాను.

కోటమ్మ గొంతు ఎలాంటిదో చెప్పాలి. పులికాట్ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆమె వీధి మొదట్లో కేకేస్తే చివరింట్లో పులుసుకు చింతపండు నానేసేవాళ్ళు. వెనకొచ్చే నా గంపలో సగం అలాగే మిగిలేది. ఆ గొంతు మొదట గరగరమంది, తర్వాత పూర్తిగా పోయింది. నెల్లూరు డాక్టరు చూసి, కేకలేసీ వేసీ లోపల వాచిందన్నాడు. మందులు వాడుతూ సోమవారం దాకా గుసగుస కూడా ఆడకూడదు, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు. గొంతులో కత్తి అనేసరికి ఆమెకు నిద్ర లేదు. గొంతు రాకపోతే గంప ఎత్తే పనీ లేదు.

నేను ఏసయ్యను నమ్ముకున్నదాన్ని. ఆమె వాళ్ళ ఇంటి దేవతలను కొలిచే మనిషి. సముద్రం ఒడ్డున మైపాడులో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోయి బాగైనవాళ్ళ సంగతి ఎప్పుడో ఆమెకు చెప్పాను. అది గుర్తు పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, సముద్రం వైపు చూపించి నా కొంగు పట్టుకుంది. మందులు మాననని ఒట్టు వేయించుకుని బయల్దేరాను.

ఆరింటి బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఉచితమే గానీ ఆధార్ కార్డు చూపించాలి, మరిచిపోకండి. కండక్టరు ఎక్కడికని అడిగితే కోటమ్మ నా వైపు చెయ్యి చూపించింది.

"మూగామెనా పాపం?" అన్నాడు.

"ఇంకో మూడు రోజులే" అన్నాను. కోటమ్మ నా తొడ గిల్లింది.

నాయుడుపేటలో బస్సు మారి తొమ్మిదికల్లా నెల్లూరు చేరాం. ఉపవాసమే అయినా మందు వేసుకునేదాన్ని దేవుడు ఆకలితో మాడ్చడని నా నమ్మకం. బస్టాండులో ఆమెకు ఇడ్లీ తినిపించాను. పక్కన కూర్చుని చూడటం నా ఉపవాసంలో కష్టమైన భాగం.

మైపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వరిచేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఇందుకూరుపేటలో ఎక్కినామె కోటమ్మను తేరిపార చూసింది.

"ఏందమ్మే, ఆ యక్క పలకదా?"

"పలికిందంటే నీకు చెవులుండవు. ప్రార్థనకు పోతా ఉండాం, గొంతు రావాలని."

"మా అత్తకి గొంతు పోయే ప్రార్థన గూడా చేస్తారేమో అడగండి మే."

కోటమ్మ భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నవ్వులోనూ శబ్దం లేదు.

మందిరం సముద్రానికి దగ్గర్లో రేకుల షెడ్డు. చెప్పులు బయట విడిచి, తల మీద కొంగు వేసుకుని చాపల మీద కూర్చున్నాం. పది దాటగానే డప్పు, మైకు, అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థన. రేకులు అదిరాయి. నా తెలివి అప్పుడు తెల్లారింది. పలకకూడని మనిషిని తెచ్చి తెచ్చి, అరిచి అడగడమే అలవాటైన చోట కూర్చోబెట్టాను.

రోగులు ముందుకొచ్చి మోకరిస్తే పాస్టరమ్మ గారు నూనె రాసి తల మీద చెయ్యి పెడుతున్నారు. కోటమ్మ మోకరించింది. పక్కనున్న సంఘం పెద్దామె సువార్తమ్మ వంగి చెప్పింది. "నోరు తెరువమ్మా. స్తోత్రం అను. అంటేనే విశ్వాసం."

కోటమ్మ పెదాలు విడిపోయాయి. మెడ నరాలు ఉబ్బాయి. అరిచేస్తుందని నాకర్థమైపోయింది. గొంతు వస్తుందంటే ఏదైనా చేసే స్థితిలో ఉంది. చటుక్కున చెయ్యి అడ్డం పెట్టి ఆమె నోరు మూశాను.

"డాక్టరు పలకొద్దన్నాడు" అన్నాను.

"డాక్టరు పెద్దా, దేవుడు పెద్దా?" అంది సువార్తమ్మ.

"దేవుడే పెద్ద. ఆయనకి చెవుడు లేదు గదా, అరవడం దేనికి?"

ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరమ్మ గారు కూడా నవ్వి మైకు దించారు. "నిజమే గదక్కా. బిడ్డల్లేక దేవుని మందిరంలో ఏడ్చిన తల్లి అరిసి అడిగిందా? పెదాలే గదా కదిలింది. యాజకుడు ఆమె తాగొచ్చిందనుకున్నాడు. నువ్వే చదువు ఆ వాక్యం."

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాకే, ఇలాంటి చాపల మీదే. బైబిల్లో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ఒక్క వచనం ముగిసేలోగా ముందు వరసలో పసిబిడ్డ నిద్రపోయింది.

"ఈమె కోసం మనం గూడా గొంతు లేకుండా అడుగుదాం" అన్నారు పాస్టరమ్మ గారు.

డప్పు ఆగింది. అందరి పెదాలూ కదులుతున్నాయి. సువార్తమ్మ వచ్చిన కేకను వచ్చినట్టే మింగుతోంది. అప్పుడు వినిపించింది సముద్రం. పొద్దుటి నుంచీ పక్కనే ఉంది, మేమే విననివ్వలేదు. కోటమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారి నూనెలో కలిశాయి. ఆమె ఏమడిగిందో తెలియదు. నేను మాత్రం, "దాని గొంతు దానికిచ్చెయ్యి ప్రభువా, నా గంప మిగిలితే మిగలనీ" అనుకున్నాను.

రెండింటికి ఉపవాసం విడిచి అన్నం, పప్పు, నెత్తళ్ళ పులుసు. సువార్తమ్మే కోటమ్మకు మారు వడ్డించింది. "తినేదానికైనా నోరు తెరవనిస్తాడా మీ డాక్టరు?" అంది. వెళ్ళేవాళ్ళు భోజనం చేసే రండి, పులుసు బాగుంటుంది. తిరుగు బస్సులో కోటమ్మ నా భుజం మీద తల వాల్చి చాన్నాళ్ళకు నిద్రపోయింది.

సోమవారం డాక్టరు లైటు వేసి చూశాడు. వాపు తగ్గిందన్నాడు, ఆపరేషన్ వద్దన్నాడు, మెల్లగా పలకమన్నాడు. మందు తగ్గించిందా, ప్రార్థన తగ్గించిందా అని ఇప్పుడు ఊళ్ళో అడుగుతున్నారు. డాక్టరూ నోరు మూసుకోమన్నాడు, మందిరమంతా ఆమెతో పాటు నోరు మూసుకుంది. కోటమ్మ ఆ మాట వినడమే నేను కళ్ళారా చూసిన అద్భుతం.

ఆ సోమవారం ఇంటికొచ్చే బస్సులో మళ్ళీ అదే కండక్టరు. నన్ను గుర్తుపట్టి, "మూడు రోజులన్నావే, పలికిందా?" అని ఎగతాళి చేశాడు.

"దొరవారిసత్రం రెండు కొట్టు నాయనా" అంది కోటమ్మ.

కాస్త బొంగురే. అయినా చివరి సీటువాళ్ళు కూడా తలతిప్పి చూశారు. నా రేపటి బేరం అక్కడే పోయింది. ఆమెన్ అనుకుని ఆధార్ కార్డు తీశాను.