మంచం వెనక మిగిలిన పూలు

ఐసెలిన్ ఊళ్లో ఇండియన్ మిఠాయి దుకాణంలో పనిచేసే రాజేశ్వరమ్మ శుభ్రత అందరికీ తెలిసిందే. ఆవిడ బూందీ గరిటె ఇంకెవరు కడిగినా మళ్లీ కడిగేది. భర్త సత్యం పోయాక పక్క ఊళ్లో ఒంటరి ఆడవాళ్ల సత్రంలో గది దొరికింది. విక్టోరియా రాణి కాలంలో ఎవరో మిల్లు యజమాని భార్య, మొగుడు పోయి దిక్కులేని ఆడవాళ్ల కోసం కట్టించిన ఎర్ర ఇటుకల ఇల్లు అది. దానమే కదా అని ఇరుకు కొట్లు కట్టించి చేతులు దులుపుకోలేదు ఆ మహాతల్లి. ఎవరి గుమ్మం వారిది, ఎవరి పొయ్యి వారిది, ప్రతి కిటికీకీ ఎండ.

"పెట్టినా మర్యాదగా పెట్టింది" అనేది రాజేశ్వరమ్మ.

2009లో ఆ ఇల్లు కూల్చి స్థలం అమ్మేస్తామన్నారు సత్రం నడిపేవాళ్లు. ఆపాలంటే ఒక్కటే దారి, చారిత్రక కట్టడమని గుర్తింపు రావాలి. పాత కట్టడాల గురించి మాస్టర్స్ చదువుతున్న పూజిత గదులన్నీ చూసుకుంటూ వచ్చి రాజేశ్వరమ్మ గదిలో ఆగిపోయింది. మిగతా గదులన్నీ ఎప్పుడో మార్చేశారు. ఇక్కడ మాత్రం గోడలకి కట్టిననాటి పూల కాగితం అలాగే ఉంది, మసిబారి, అంచులు లేచిపోయి.

"ఆంటీ, మండే కమిటీ వస్తోంది. మీ రూమే చూపిస్తాను. అంతా దీని మీదే డిపెండ్ అయ్యుంది."

"నువ్వేం బెంగపెట్టుకోకమ్మా. నేను చూసుకుంటాగా!"

చూసుకుంది. గిరాకీ వేళని కూడా చూడకుండా శని, ఆదివారాలు సెలవు పెట్టింది. వేడినీళ్లతో కాగితం నానబెట్టి, అట్లకాడతో గీకి, గోడలన్నిటికీ తెల్ల పెయింట్ వేసింది. మోకాళ్లు పట్టేసినా లెక్కచేయలేదు. గడపకి పసుపు రాసి, కమిటీ వాళ్ల కోసం లడ్డూలు చుట్టింది.

సోమవారం పూజిత గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. కమిటీ పెద్దాయన గదంతా కలియజూసి, మంచం వెనక్కి వంగాడు. అక్కడ మిగిలిన జానెడు పూల కాగితాన్ని వేలితో మెల్లగా నిమిరాడు.

రాజేశ్వరమ్మకి తల కొట్టేసినట్టయింది. "సారీ సార్, అక్కడికి చెయ్యి అందలేదు" అంది.

పూజిత కళ్లనిండా నీళ్లు. అప్పుడు అర్థమైంది ఆవిడకి, తను గీకేసిందేమిటో. లడ్డూల పళ్లెం చేతిలోనే ఉండిపోయింది.

గుర్తింపు రాలేదు. సత్రంలోని ఆడవాళ్లంతా తలో దిక్కూ అయ్యారు. రాజేశ్వరమ్మని పూజితే తన కార్‌లో పార్సిప్పనీ ఊళ్లో ఆవిడకి దొరికిన అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లింది.

"తప్పు నాదే ఆంటీ. ఏదీ టచ్ చేయొద్దని చెప్పాల్సింది."

"మనుషులు వస్తున్నారంటే ఇల్లు కడగొద్దని ఎవరైనా చెబుతారా తల్లీ?" అంది రాజేశ్వరమ్మ.

ఆ మాట పూజితని ఓదార్చడానికి అన్నది. ఆవిడని ఓదార్చే మాట మాత్రం ఆ కార్‌లో ఎవరి దగ్గరా లేదు.