ఆనందరావుగారి ఉద్యమ జీవితం

మదీనాగూడలో ముంబయి రహదారి దిగి, ఇనుప సామాన్ల కొట్టు పక్క సందులోకి తిరిగితే మా వెన్నెల కాలనీ వస్తుంది. నూట ఇరవై ఇళ్ళు. ఆ ఇళ్ళ యోగక్షేమాలను పదకొండేళ్ళపాటు, ఎవరూ అడగకుండానే భుజాన మోసినవారు మా సంక్షేమ సంఘం కార్యదర్శి ఆనందరావుగారు. రెండేళ్ళకోసారి ఎన్నిక జరిగేది. ప్రతిసారీ ఆయన ఏకగ్రీవంగా గెలిచేవారు. పోటీ చేస్తే ఎక్కడ గెలుస్తామోనన్న భయం మిగతా అందరికీ ఉండేది.

ఆయనది తెనాలి. నగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. పగలంతా ఫైళ్ళ మీద రాసినా చేతి దురద తీరక, సాయంత్రం ఇంటికొచ్చి నోటీసులు రాసేవారు. "కళ్ళాపి నీరు రోడ్డు మీదికి రారాదు." "కుక్కలను తిప్పువారు వాటి ప్రవర్తనకు బాధ్యత వహించవలెను." కుక్కలు ఆ బోర్డు కాలి దగ్గరే తమ అభిప్రాయం తెలిపి వెళ్ళేవి. ఆయన భార్య రాహేలుగారు పెద్ద దవాఖానలో హెడ్ నర్సు. రోజంతా నిజంగా జబ్బు చేసినవాళ్ళను చూసి వచ్చేవారు కాబట్టి ఇంట్లో భర్తగారిని అంతగా పట్టించుకునేవారు కాదు.

రెండువేల తొమ్మిది డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చింది. మర్నాడే మా బోర్డు మీద నోటీసు వెలిసింది: "కాలనీ ఆవరణలో రాజకీయాలు చర్చించరాదు." ఆ నోటీసు కిందే నిలబడి ఆనందరావుగారు రోజూ రెండు గంటలు రాజకీయాలు చర్చించేవారు. మాది నల్లగొండ కావడం వల్ల సమాధానాలు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

"మా అత్తగారింటికి వెళ్ళాలంటే కోదాడ దగ్గర కాగితాలు చూపించాలంటారా?" అని అడిగేవారు.

"ఇంకా ఏమీ కాలేదు కదండీ" అనేవాణ్ణి.

"అయ్యాక అడిగితే ఏం లాభం? ఇప్పుడే చెప్పండి."

నేను చెప్పలేకపోయాను. దాంతో ఆయన తన రక్షణ తానే చూసుకున్నారు. ఆయన కారు తెనాలిలో ఉన్న బావమరిది శామ్యూల్ దగ్గర కొన్నది. గుంటూరు జిల్లా నంబరు. దాని అద్దం మీద 'జై తెలంగాణ' స్టిక్కరు అంటించారు. తెలిసినవాళ్ళ కొట్టుకే వెళ్ళి, సులువుగా ఊడొచ్చే రకం కావాలని అడిగి మరీ తెచ్చుకున్నారట. తెనాలి వెళ్ళేటప్పుడు కోదాడ దాటాక దాన్ని జాగ్రత్తగా పీకి డైరీ అట్టకు అంటించేవారు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అద్దానికి. ఏడాది తిరిగేసరికి ఆ స్టిక్కరు చేసినన్ని ప్రయాణాలు మా కాలనీలో మనిషెవరూ చేసి ఉండరు.

తర్వాత భాష. ఆయన ఒక నోటు పుస్తకంలో 'ఏంది', 'గిట్ల', 'ఇగ', 'జర', 'పరేషాన్' అని వరసగా రాసుకుని, పొద్దున్నే గడ్డం గీసుకుంటూ సాధన చేసేవారు. ఒకరోజు షేర్ ఆటో ఆపి, నా ఎదుటే ధైర్యంగా అడిగారు.

"ఏందండీ, జర మియాపూర్ గిట్ల వస్తవాండీ?"

ఆటో అతను ఆయన్ని ఎగాదిగా చూసి, "వస్త సార్. మీది గుంటూరా, తెనాలా?" అన్నాడు.

ఆనందరావుగారి గోడ పక్క ఇల్లు సాయిలుది. మా కాలనీ అంతా ఒకప్పుడు సాయిలు తండ్రి జొన్న చేను. చేనంతా పోగా మిగిలిన ఒక ముక్కలో సాయిలు ఇల్లు కట్టుకుని, వెనక నాలుగు బర్రెలను పెట్టుకున్నాడు. ఆ చేలో ఇళ్ళు కట్టుకున్న మేమందరం అతన్ని 'లోకల్' అనేవాళ్ళం. ఆ మాటను అదేదో అంటువ్యాధి పేరులాగా గొంతు తగ్గించి పలికేవాళ్ళం. పాలు మాత్రం ఆ లోకల్ బర్రెలవే తాగేవాళ్ళం.

సాయిలు ఒకసారి గోడ మీద మోచేతులు ఆనించి మెల్లగా చెప్పాడు. "సారూ, ఏమనుకోవద్దు. మీరు మీ లెక్కనే మాట్లాడుండ్రి. మీకు పానం బాగలేదేమోనని మా ఇంటామె పోచమ్మ ఫికర్ చేస్తున్నది."

ఆనందరావుగారు చిన్నబుచ్చుకున్నారు. నోటు పుస్తకం మాత్రం పారెయ్యలేదు.

రెండువేల పదకొండు జూన్‌లో వంటావార్పు పిలుపు వచ్చింది. నగరమంతా జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపాలి. ఆదివారం మదీనాగూడ రహదారి మీద మూడు వందల మందికి వంట అనుకున్నారు. ఆ బాధ్యత సాయిలు భార్య పోచమ్మ నెత్తికెత్తుకుంది. శనివారం సాయంత్రం గోడ దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, మీ చర్చి బగోన్లు మీ ఇంట్లనే ఉన్నయి గద. రేపు జర ఇస్తవా? రోడ్డు మీద వంట చేస్తున్నం."

చర్చిలో నెలకోసారి ప్రేమవిందు పేరుతో అందరికీ భోజనాలు జరిగేవి. ఆ వంటపాత్రలు ఆనందరావుగారి కారు షెడ్డులో ఉండేవి. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో ఒక డేగిసా తారుమారైందని, ఆయన వాటన్నిటి మీదా ఎర్ర రంగుతో బెత్తెడేసి అక్షరాలు రాయించారు: 'ఆనందరావు, మదీనాగూడ'. రాహేలుగారు భర్తను అడగాలని కూడా అనుకోలేదు. "తీసుకెళ్ళు వదినా. అట్లకాడలు కూడా తీసుకెళ్ళు" అన్నారు. ఆనందరావుగారు అప్పుడు బోర్డు దగ్గర రాజకీయాలు చర్చిస్తున్నారు.

మర్నాడు రాహేలుగారు తలనొప్పిగా ఉందని ఇంట్లోనే ఉండిపోయారు. ఆనందరావుగారు ఒక్కరే కారులో చర్చికి వెళ్ళారు. ఆరోజు పాస్టరుగారు సహనం గురించి రెండు గంటల ఇరవై నిమిషాలు బోధించారు. ఆకలితో నకనకలాడుతూ తిరిగొస్తుంటే రహదారి మీద బండ్లన్నీ ఆగి ఉన్నాయి. స్టిక్కరు ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, కారు పక్కకు పెట్టి, దిగి నడక సాగించారు.

మా మలుపు దగ్గర డప్పులు, జెండాలు, పాటలు. రోడ్డుకు అడ్డంగా ఆరు పొయ్యిలు. ప్రతి పొయ్యి మీదా 'ఆనందరావు, మదీనాగూడ'. నేను అక్కడే ఉల్లిపాయలు కోస్తున్నాను కాబట్టి ఆయన మొహం బాగా చూడగలిగాను. తన పేరు అన్నిచోట్ల అంత మంట మీద ఉండటం ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. నడిమధ్య పొయ్యి దగ్గర, కొంగు బిగించి, అట్లకాడతో అన్నం కలుపుతున్న మనిషిని చూసి అక్కడే ఆగిపోయారు.

"రాహేలూ! నీకు తలనొప్పి కదా!"

"తగ్గిందండీ."

జరిగింది ఏమిటంటే, వంటకు వచ్చిన ఆడవాళ్ళందరూ ఇంట్లో ఐదుగురికి వండటం తెలిసినవాళ్ళే. మూడు వందల మందికి ఎసరు ఎంతో ఎవరికీ తెలియదు. మొదటి డేగిసా అన్నం గంజిలా అయింది. రెండోది మాడింది. పోచమ్మ తల పట్టుకుని రాహేలుగారి దగ్గరికి పరుగెత్తింది. చర్చిలో పదిహేనేళ్ళుగా ప్రేమవిందులు వండిన చెయ్యి అది.

"ఇది ఉద్యమం! మనం తెనాలివాళ్ళం!" అన్నారు ఆనందరావుగారు పళ్ళ మధ్య నుంచి.

"అడుగంటుతుంటే చూస్తూ ఎలా ఊరుకోనండీ? ఆ ఉప్పు డబ్బా ఇలా ఇవ్వండి."

ఆయన ఇచ్చారు. అదే ఉద్యమానికి ఆయన చేసిన తొలి సేవ.

సాయిలు ఆయన్ని చూసి, "అరే, సారొచ్చిండు! జర జాగియ్యుండ్రి!" అని జనాన్ని జరిపి, పంక్తి మొదట్లో కూర్చోబెట్టి విస్తరి వేశాడు. వేడి అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర. వద్దందామని నోరు తెరిచారు. పప్పు వాసన తగిలింది. తెరిచిన నోరు వృథా పోలేదు. ముంబయి రహదారి నడిబొడ్డున, చర్చికి వేసుకెళ్ళిన తెల్ల చొక్కాతో, మూడోసారి పప్పు వేయించుకుంటున్నప్పుడు ఎవరో ఫోటో తీశారు.

సోమవారం పేపరు జిల్లా పేజీలో ఆ ఫోటో వచ్చింది. ముందు ఆనందరావుగారు, వెనక డేగిసా, దాని మీద బెత్తెడు అక్షరాలు. విలేకరి తెలివైనవాడు. కింద ఇలా రాశాడు: "ఉద్యమ నాయకుడు ఆనందరావు ఆధ్వర్యంలో మదీనాగూడలో వంటావార్పు."

ఆఫీసులో తెలంగాణ ఉద్యోగులు ఆయన బల్ల దగ్గరికి టీ తెచ్చిచ్చారు. ఇరవై ఏళ్ళుగా కలిసి భోజనం చేస్తున్న కోస్తా మిత్రులు క్యారియర్లు తీసుకుని కిటికీ వైపుకి మారారు. ఎవరో పంపిన ఆ ఫోటో చూసి తెనాలి నుంచి శామ్యూల్ ఫోను చేశాడు. "బావగారూ, ఇక్కడ మేము సమైక్యాంధ్ర అని మూడు రోజులు తిండి మానేసి కూర్చున్నామండీ. అక్కడ మీరు పప్పు వేయించుకుంటున్నారా?"

"అది అనుకోకుండా జరిగిందయ్యా."

"మొహం చూస్తే అనుకోకుండా తిన్నట్టు లేదు బావగారూ."

వారం రోజులు ఆయన బోర్డు దగ్గరికి రాలేదు. పేపరుకు సవరణ కోరుతూ ఉత్తరం రాశారు, చింపారు. మళ్ళీ రాశారు, మళ్ళీ చింపారు. ఉద్యమ నాయకుణ్ణి కాదని రాస్తే ఇక్కడివాళ్ళు ఏమంటారో. రాయకపోతే అక్కడివాళ్ళు ఊరుకోరు. నోటీసు రాయడానికి ఆయన చెయ్యి వెనకాడటం అదే మొదటిసారి. "మనిషి నిద్రపోవడం లేదండీ" అని రాహేలుగారు నాతో చెప్పారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. రహదారి పక్కన దీక్షా శిబిరం వేశారు. 'నాయకుడు' ఇంట్లో కూర్చుంటే బాగుండదని సాయిలు వచ్చి తీసుకెళ్ళాడు. రెండోరోజు చేతికి మైకు ఇచ్చారు. ఆనందరావుగారు జేబులోంచి కాగితం తీశారు, కళ్ళజోడు కోసం వెతికారు. అది ఇంట్లో ఉండిపోయింది. ఇక చదవడానికి వీల్లేక, జీవితంలో మొదటిసారి మాట్లాడారు.

"నేను ఈ ప్రాంతం వాణ్ణి కాదండీ. రాష్ట్రం విడిపోవాలని కూడా నాకు లేదు. అబద్ధం చెప్పలేను."

శిబిరంలో గుసగుస లేచింది. సాయిలు చెయ్యెత్తి, "చెప్పనియ్యుండ్రి" అన్నాడు.

"తొంభై రెండులో మేము ఇక్కడికి వచ్చినప్పుడు కాలనీకి నీళ్ళ లైను లేదు. సాయిలుగారి నాన్న బావిలోంచి తోడుకోనిచ్చారు. రెండేళ్ళు. మా అమ్మాయి నీళ్ళవిరేచనాలతో పడుంటే, పోచమ్మగారు రోజూ కుండెడు కాచిన నీళ్ళు తెచ్చిచ్చారు. ఆ చేను మాదైపోయింది. ఆ బావి పూడ్చి మేము పార్కు కట్టుకున్నాం. తీర్మానం రాసింది నేనే. వాళ్ళని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. మీకు కోపం ఎందుకు వచ్చిందో నాకు ఈ మధ్యే కొంచెం…"

అక్కడ ఆగిపోయారు. మైకు పాడైందనుకుని ఒకతను వచ్చి దాన్ని రెండు దెబ్బలు వేశాడు. ఆనందరావుగారు దాన్ని అతని చేతికే ఇచ్చి వచ్చి కూర్చున్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పోచమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ నాయకుడు అనలేదు. ఆయనకు మళ్ళీ నిద్ర పట్టింది.

రెండువేల పద్నాలుగు జూన్‌లో తెలంగాణ వచ్చింది. అప్పటికి ఆనందరావుగారు రిటైరయ్యారు. తెనాలి వచ్చెయ్యమని శామ్యూల్ ఎంత పోరినా, "ఇక్కడ నోటీసులు ఎవరు రాస్తారయ్యా?" అని కదల్లేదు. మా కాలనీలో టపాసులు కాలాయి. కాల్చిన కాగితాలు ఊడ్చవలెనని మర్నాడు నోటీసు పడింది. ఇక అంతా సర్దుకుందని అనుకున్నాం.

మరుసటి ఎండాకాలం కాలనీ బోరులో నీళ్ళు తగ్గాయి. పల్లపు వీధులకు వస్తున్నాయి, ఆనందరావుగారు ఉండే ఎగువ వీధికి ఎక్కడం లేదు. కొత్తగా పెట్టిన వాచ్‌మన్ కూడా పల్లపు వీధివాళ్ళ మనిషే. ఆనందరావుగారు కార్యదర్శి పదవికి రాజీనామా చేసి, నాలుగు పేజీల ప్రకటన విడుదల చేశారు. ఎగువ వీధికి దశాబ్దాలుగా అన్యాయం జరుగుతోందట. కలిసి ఉండి బాగుపడేది లేదట. ప్రత్యేక సంఘం కావాలట.

కాగితం చదివించుకుని సాయిలు హడావిడిగా వచ్చాడు. అతని ఇల్లు మలుపులో ఉండటం వల్ల లెక్కప్రకారం పల్లపు వీధి కిందికి వస్తుంది.

"ఏంది సారూ గిది? ఇన్నేండ్లు కలిసి ఉన్నం. ఇగ గిప్పుడు విడిపోవుడేంది? మాట్లాడుకుందాం, కూసోండ్రి."

"మాటలతో అయ్యేది కాదు సాయిలుగారూ. ఇది ఆత్మగౌరవ సమస్య."

లోపల వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు, రాహేలుగారు పడీపడీ నవ్వుతున్న చప్పుడు ఒకేసారి వినిపించాయి. సాయిలు కాసేపు ఆయన మొహం చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆనందరావుగారు మాత్రం నవ్వలేదు. ఉద్యమకారుడు కదా.

ప్రత్యేక సంఘం సాధించారు. దాని మొదటి సమావేశం ఒక శనివారం సాయంత్రం ఆయన డాబా మీద జరిగింది. ముప్పై కుర్చీలు వేస్తే ఐదుగురు వచ్చారు. ఆయన, రాహేలుగారు, సమోసాలు ఉంటాయని విని నేను, పక్క సంఘం నుంచి సాయిలు, పోచమ్మ. సభ్యులు కానివాళ్ళను ఏమని నమోదు చెయ్యాలా అని ఆనందరావుగారు చాలాసేపు ఆలోచించారు. చివరికి మినిట్స్ పుస్తకంలో వాళ్ళిద్దరి పేర్లూ రాసి, ఎదురుగా 'ప్రత్యేక ఆహ్వానితులు' అని రాసుకుని, కింద గీత గీశారు.