తాళాలేసిన ఇళ్లకు పాఠం

మొన్న మా చెల్లెలి కూతురు కడప నుంచి వచ్చి, బళ్లో ఉద్యోగం మానేశాననీ, కంపెనీలకు కంప్యూటరులో చూసి నేర్చుకునే పాఠాలు తయారుచేసే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ పనిలోకి పోదలచుకున్నాననీ, నువ్వు ఆ పనిలోనే తల నెరిపించుకున్నావు కదా, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగితే, నేను పొంగిపోయి, బ్లాగులు చదవమ్మా, మేమంతా అట్లాగే నేర్చుకున్నాం అంటూ పాత చిరునామాలు కొట్టి చూపించబోయాను. ఒకటి అసలు తెరుచుకోలేదు, ఇంకొకటి పేకాట ప్రకటన చూపించింది. పిల్ల మర్యాదకు నవ్వు ఆపుకుంది గానీ నాకు ఒళ్లు మండింది.

మా తరంవాళ్లకు చెప్పక్కరలేదు, ఆ రోజుల్లో ఈ పని నేర్పేవాళ్లు మా సీమలో దుర్భిణీ వేసి వెతికినా దొరికేవాళ్లు కాదు. కమలాపురంలో పిల్లలకు సాంఘికం చెప్పుకునే నన్ను, పల్లె ఆడవాళ్లకు కంప్యూటరులో చూపించే పాఠాలు తయారుచేసే కర్నూలు సంస్థ ఒకటి, పంతులమ్మ కదా, పాఠం రాయడం వచ్చే ఉంటుందనుకుని తీసుకుంది. ఎక్కడొస్తుంది? పిల్లల ముఖాలు చూసి మాట మార్చుకునే విద్య, ముఖాలే కనపడనిచోట ఎందుకు పనికొస్తుంది? సాయంత్రాలు నెట్ సెంటరులో, పక్కన పిల్లకాయలు పరీక్షా ఫలితాలు చూసుకుని కేకలు పెడుతుంటే, ఒళ్లో నిఘంటువు పెట్టుకుని బ్లాగులు చదివేదాన్ని. ఎక్కడెక్కడివాళ్లో, నా పాఠం ఇదిగో ఇట్లా బెడిసికొట్టింది, మీరు ఇట్లా చెయ్యకండి అని తమ పేరు పెట్టుకుని మరీ రాసేవాళ్లు. నా వచ్చీరాని ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగితే ముఖమైనా ఎరగని ఒక పెద్దావిడ పేజీడు జవాబు రాసింది. మా ఇంట్లోవాళ్లే నాతో అంత ఓపికగా మాట్లాడి ఎరగరు.

ఆ రుణం తీర్చుకోవాలని నేనూ తెలుగులో ఒక బ్లాగు పెట్టాను. అందులో జనం బాగా చదివింది నా కోసిగి భాగోతం. విరేచనాలు పట్టిన బిడ్డకు ఇంట్లో ఏం చెయ్యాలో ఆ ఊరి కూలి ఆడవాళ్లకు చెప్పే పాఠం అది. నేర్చుకునేవాళ్లను ముందు తెలుసుకోవాలని బ్లాగులన్నీ మొత్తుకున్నాయి కదా అని వానాకాలంలో పోయి, వాళ్ల అరుగుల మీద కూర్చుని, వాళ్ల మాటలే పాఠంలో పెట్టి, బొమ్మల్లో చీరకట్టు కూడా వాళ్లదే వేయించి, ఇక తిరుగులేదనుకుని చలికాలంలో కంప్యూటర్లు జీపులో వేసుకుపోతే, వీధి వీధంతా తాళాలు. ఒక అవ్వ మాత్రం, "అందరూ సుగ్గికి పోయినారు గదమ్మా, గుంటూరు దిక్కు మిరపకాయలు కొయ్యను. ఉగాది దాకా యాడొస్తారు? చెప్పేదేందో నాకు చెప్పిపో," అంది. కూలికి వలసపోవడాన్ని అక్కడ సుగ్గి అంటారని, కడప దిక్కు పెరిగిన నాకు ఆ రోజే తెలిసింది. వాళ్ల మాట అడిగాను, కట్టు అడిగాను, ఇంట్లో ఎప్పుడుంటారో అడగలేదు! అదంతా ఉన్నదున్నట్టు రాసి, పాఠం మొదలుపెట్టకముందే ఇంటికి తాళం ఎప్పుడు పడుతుందో కనుక్కోండని కొత్తవాళ్లకు చెప్పాను. తర్వాత కొన్నేళ్లకు ఆ బ్లాగులకు చోటిచ్చినవాళ్లు దుకాణం కట్టేస్తే నా రాతలన్నీ గంగలో కలిశాయి.

"బ్లాగులెందుకులే పెద్దమ్మా, నేను ఆన్‌లైన్ కోర్సులో చేరినా, శానా బాగా చెప్తాండారు," అని పిల్ల తనకు బాగా నచ్చిన పాఠం ఫోనులో పెట్టింది. ఇస్త్రీ చొక్కా కుర్రవాడొకడు నవ్వుతూ, ఏదో మారుమూల ఊరికి ఎవరో పంతులమ్మ పాఠం పట్టుకుపోతే ఇళ్లన్నీ తాళాలేసి ఉన్నాయట అని మొదలుపెట్టాడు. కోసిగి లేదు, సుగ్గి లేదు, అవ్వ లేదు. తాళం ఎప్పుడు పడుతుందో కనుక్కోండన్న నా వాక్యం మాత్రం పొల్లుపోకుండా ఉంది, అతను కనిపెట్టిన సూత్రంగా.

"ఎంత తెలివితక్కువదో చూడు పెద్దమ్మా ఆమె," అని పిల్ల నవ్వింది. అది నేనేనన్నాను. నవ్వు ఆపి, నిజంగానే చూడాలని, "యాడుండాది నువ్వు రాసింది?" అని అడిగింది. చూపించడానికి నా దగ్గర ఏముంది? "నువ్వే అయ్యుంటావులే పెద్దమ్మా," అని మళ్లీ ఫోనులో తల పెట్టింది.

తీసుకున్నందుకు కాదు నా కడుపుమంట, తీసుకొమ్మనే రాశాం. మా కాలంలో నా తప్పు ఇది అని రాసుకున్న మనిషిని పదిమంది గురువని నమ్మేవాళ్లు. ఇప్పుడు తప్పు నాకు వదిలేసి, దాని నుంచి నేర్చుకున్నది అతను పట్టుకుపోయాడు. నేను ఎత్తుకుని పెంచిన పిల్లే, ఫోనులో అతని ఎదుట కూర్చుని శ్రద్ధగా రాసుకుంటోంది.