ఎడమ కాలి బూటు

మామ పోయాడని ట్రంక్‌కాల్ వచ్చినప్పుడు నేను తిరుపతిలో మా చెప్పుల అంగట్లో చిన్న పీట మీద కూర్చుని ఎవరి కాలికో బూటు తొడుగుతున్నాను. ఫోను ఎదుటి మందుల షాపుకు వచ్చింది. ఆ షాపాయన రోడ్డు దాటి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. నేను కట్టిన లేసు విప్పి మళ్ళీ కట్టాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. ఆ మనిషితో నాకు మూడేళ్ళుగా ఒక తగువు నడుస్తోంది. అది తేలకుండానే వెళ్ళిపోయాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. ఆయనది తడ అవతల పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు. ఒక చిన్న పడవ, రెండు వలలు. తెల్లవారి నీళ్ళ మీదికి పోతే పొద్దు వాలేదాకా రాడు. మా నాయన పోయాక నన్ను వెంటబెట్టుకుని తిరుపతికి తెచ్చి ఈ అంగట్లో చేర్చింది ఆయనే. ఆ రోజు ఊళ్ళో బస్సెక్కే ముందు నా కాళ్ళకేసి చూసి, "నీకీ నీళ్ళు వొద్దబ్బోడా. పొడి కాళ్ళతో బతుకు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అలాగే బతుకుతున్నాను. ఆయన చలవే.

మూడేళ్ళ కిందట ఆల్చిప్ప ఒకటి ఆయన కుడి మడమను చీల్చింది. రోజంతా ఉప్పునీళ్ళలో నానే కాలికి పుండు ఎలా మానుతుంది? ఇక కాలు తడవకూడదనీ, తడిస్తే తీసేయాల్సి వస్తుందనీ డాక్టరు ఖండితంగా చెప్పేశాడు.

"ఇంట్లో కూసోబెట్టినారంటే కాలు ఉంటాదేమో గానీ నేనుండను" అన్నాడు మామ.

అత్త నా వైపు చూసింది. చెప్పుల అంగట్లో పనిచేసేవాణ్ణి నేనే కదా.

అక్కడ నేను చేసిన తప్పు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంగటికి వచ్చిన ప్రతివాళ్ళకూ "సాయంత్రం రండి, తిరిగి తిరిగి కాలు పొంగాక కొలిస్తేనే బూటు సరిపోతుంది" అని పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, ముందురోజు రాత్రి ఊరు చేరి, పొద్దున్నే అప్పుడే నిద్ర లేచిన మామ పాదం కింద కాగితం పెట్టి పెన్సిలుతో గీత గీశాను. చాట లాంటి పాదం, ఒకదానికొకటి పడనట్టు విడిపోయిన వేళ్ళు. కుడికాలు అయ్యాక ఎడమకాలు పెట్టమంటే ఆయన పెట్టలేదు.

"ఒక్కటి సాలు."

"బూట్లు జతగానే అమ్ముతారు మామా. ఒక్కటి అమ్మరు."

"ఎందుకమ్మరు? పుండు జతగా రాలేదు గదా?"

నేను నవ్వేసి ఎడమకాలు కూడా లాక్కుని గీశాను. అప్పుడే వినుంటే సగం తగువు తప్పేది.

ఆ కొలతకు తెచ్చిన గమ్‌బూట్లు పొద్దున సుఖంగా ఎక్కాయి. సాయంత్రానికి కాళ్ళు పొంగి ఊడిరాలేదు. అత్త వెనకనుంచి భుజాలు పట్టుకుంటే, పడవలో ఆయనకు తోడుపోయే జతగాడు ముందునుంచి లాగాడు. "నీ అంగట్లో తొడిగేదే నేర్పించినారా, ఊడదీసేది నేర్పించలేదా?" అని మామ నాకు కబురు పంపాడు.

రెండో జత రెండు సైజులు పెద్దది, మోకాళ్ళదాకా వచ్చేది. పులికాట్‌లో నీళ్ళు లోతు లేని చోట పడవ నేలకు తగులుకుంటుంది. దిగి తొయ్యాలి. మామ దిగాడు. బూటు బురదలో ఉండిపోయింది, పాదం ఒక్కటే పైకి వచ్చింది. పైనుంచి నీళ్ళు దిగిన రెండో బూటు బిందెలా బరువెక్కింది. బురద ఆరిపోయిన ఆ జతను బస్సు కండక్టరు చేతికిచ్చి నాకే పంపాడు. అంగడి వెనక కుళాయి కింద దాన్ని కడుగుతూ మామనూ, బూట్లు చేసినవాళ్ళనూ, పులికాట్‌నూ కలిపి తిట్టుకున్నాను. వాళ్ళంతా ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు అనిపించేది.

చివరికి ఒక రోజంతా ఆయనతో పడవలో తిరిగితే గానీ నాకు బుద్ధి రాలేదు. మీలో ఎవరైనా పడవ పనికి బూట్లు కొనబోతుంటే, నేను పడ్డ పాట్లు మీరు పడకండి. కొలత సాయంత్రమే తీసుకోండి, అదీ మందమైన నూలు మేజోడు తొడిగి. మడమ దగ్గర బిగువుగా, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉండాలి. రబ్బరు మెత్తగా, ఎత్తు పిక్క సగానికి. అడుగు తడి చెక్క మీద జారకూడదు. వల దారం తగులుకునే బకిళ్ళేవీ ఉండకూడదు. మనిషి నీళ్ళలో పడితే కాలు ఒక్కసారి విదిలించగానే ఊడి రావాలి. దిగి తోసే పని మాత్రం ఇక జతగాడిదేనని ముగ్గురం ఒప్పుకున్నాం.

అలాంటి జత కోసం నాలుగు ఆదివారాలు మద్రాసు సందులు తిరిగాను. దొరికాక, ముక్కులు చొట్టపడకుండా పాత పేపరు ఉండలు చుట్టి లోపల కుక్కి, అంగట్లో పద్ధతిగా ఎలా ఇస్తామో అలాగే తీసుకెళ్ళి ఇచ్చాను. మామ కుడిది తొడుక్కుని వాకిట్లో నాలుగడుగులు వేసి, "ఇది బూటంటే" అన్నాడు. రెండు నెలల్లో పుండు ఎండిపోయింది. ఆ మాట విన్న రోజు నేను అంగట్లో అందరికీ టీ పోయించాను.

తరువాత ఊరికి పోయినప్పుడు చూద్దును కదా, పడవ దిగి వస్తున్న మామకు కుడికాలికి బూటు, ఎడమకాలు బోడిగా!

"రెండోది యాడ మామా?"

"పడవలో ఉండాది."

"పడవలో పెట్టుకోవడానికి కాదు, కాలికి వేసుకోవడానికి తెచ్చినాను."

"వల తాడు పట్టేది ఎడం కాలి బొటనేలబ్బా. దాన్ని గూడా మూసేస్తే ఇంగ నేనెందుకు పడవలో?"

పోయిన ప్రతిసారీ ఇదే తగువు. ఆ కాలినీ ఏ చిప్పో కోస్తే ఏం గతి అని నేను, ఏం కాదని ఆయన. చివరికి విసుగొచ్చి, "అది ఊరికే లేదులేబ్బా. దాని పని అది చేస్తా ఉండాది" అనేవాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని ఇంకా మండిపోయేవాణ్ణి.

పోయినేడు దగ్గు మొదలైంది, తరువాత ఆయాసం. బీడీ మానకపోతే ఊపిరితిత్తులు నిలవవని డాక్టర్లు అన్నారు. "మానేసినాను" అన్నాడు మామ. అత్త చొక్కా జేబులు, పంచె మడతలు, ఇంటి చూరు అన్నీ వెతికింది. ఎక్కడా ఒక్క బీడీ లేదు. దగ్గు మాత్రం తగ్గలేదు. సరస్సు గాలి పడలేదనుకున్నాం, మందులు మార్చాం. ఆ ఆయాసంతోనే పోయాడు.

పెద్దదినం కర్మ అయిన మరునాడు, ఒడ్డుకు లాగిపెట్టిన పడవను మళ్ళీ నీళ్ళలోకి దించాలి. దించే ముందు గంగమ్మకు పడవ కొనలో దీపం పెట్టాలి. అత్త ప్రమిద తెచ్చింది. ఆమె తెచ్చిన అగ్గిపెట్టె గాలికి చెమ్మగిల్లింది. గీసిన పుల్ల గీసినట్టే మందు రాలిపోయింది. నాలుగోది కూడా విరిగాక జతగాడు సరస్సు వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఎడం బూటులో సూడప్పా."

పడవ వెనక చెక్క కింద, మూతి తాడుతో బిగించి వేలాడదీసి ఉంది. విప్పి చెయ్యి పెట్టాను. మొదట నేను కుక్కిన పేపరు ఉండ వచ్చింది. దాని కింద అగ్గిపెట్టె. దాని కింద సగం కట్ట బీడీలు. ఇన్నాళ్ళూ అన్ని అలల మధ్య తిరిగినా లోపల చుక్క తడి లేదు. అంత మంచి బూటు ఏరి ఏరి తెచ్చి ఇచ్చాను నేను.

"ఎన్నిమార్లో సెప్పినానప్పా, ఇనలా" అన్నాడు జతగాడు.

మామ మీద గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే పలకడానికి ఆయన లేడు. నన్ను నీళ్ళనుంచి తప్పించి పొడి కాళ్ళతో బతకమన్న మనిషి ప్రాణం తీసిన బీడీలకు, అవి తడవకుండా నేనే కాపలా పెట్టాను. అత్త ఆ కట్ట వంక చూసింది. ప్రమిద నా ముందుకు జరిపి, గాలికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

మామ అగ్గిపుల్ల ఒక్క గీతకే అంటుకుంది.