పెరుగూ పంచదారా

పామర్రులో బస్సెక్కినప్పటి నుంచీ నాకు గుండె దడ. ఒక ప్రైవేటు యూనివర్సిటీ స్కాలర్‌షిప్పు పరీక్ష రాయడానికి బెజవాడ వెళ్తున్నాను. జిల్లా మొత్తానికి ఒక్కరికే ఇస్తారట. రాకపోతే ఇక చదివించలేనని నాన్న ముందే చెప్పేశారు.

పక్క సీట్లో నా ఈడు అమ్మాయి. ఆమె చేతిలోనూ అదే పరీక్ష హాల్ టికెట్టు. చూసుకోగానే ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం.

కంకిపాడు దాటాక ఆమె చిన్న స్టీలు డబ్బా తెరిచింది. పరీక్షకి బయల్దేరేవాళ్లకి శుభమని పెట్టే పెరుగూ పంచదారా. స్పూను అందులో గుచ్చి నావైపు తిరిగింది.

"ఇంట్లో తిన్నది భయానికి కక్కేశానండీ. అమ్మ మళ్లీ కలిపిచ్చింది. మీరు తిన్నారా?"

"లేదండీ. కంగారులో మర్చిపోయాం."

ఆ మాట అన్నాక నాకు ఇంకా భయమేసింది. ఆమె గడ్డ పెరుగు మధ్యలో స్పూనుతో గీత గీసి డబ్బా నా చేతికిచ్చింది.

"ముందు మీ సగం తినండి."

బెంజ్ సర్కిల్‌లో దిగి చెరో సెంటరుకి వెళ్లిపోయాం. స్కాలర్‌షిప్పు నాకొచ్చింది. ఆమె పేరు కూడా అడగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పరీక్షకి వెళ్తుంటే పెరుగు డబ్బాతో పాటు రెండు స్పూన్లు పెడతాను.

"ఒకటి చాలు కదమ్మా," అంటుంది.

"ఉండనీ," అంటాను.