పావు చుట్టు ఎక్కువ

నలభై ఏళ్లుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్న మేస్త్రీకి ప్లాస్టిక్ అంటే గిట్టదు. బకెట్లకీ దువ్వెనలకీ సరే. ఇంజిన్‌కి గాలి పంచే మానిఫోల్డ్‌ని కూడా దాంతోనే చేస్తున్నారని తెలిసిన రోజు ఆయనకి అన్నం సయించలేదు.

కానీ ఆయన కూతురు కొండదారి పోటీల్లో కారు నడుపుతుంది. ఆ కారుకి ఇంజిన్ కట్టేది ఆయనే.

ఏడాదికి ఆఖరి పోటీ అది. రెండు పరుగులుంటాయి, వాటిలో మెరుగైనదే లెక్క. మొదటి ముగ్గురిలో నిలిస్తే పెద్ద జట్టులో చోటు. పొద్దున్నే కొండ కింద రేకుల షెడ్డులో బల్ల మీద అల్యూమినియందొకటి, ప్లాస్టిక్‌దొకటి, రెండు మానిఫోల్డులూ పెట్టుకుని తండ్రీకూతుళ్లు కూర్చున్నారు.

"అల్యూమినియం వేడి పీల్చేస్తుంది నాన్నా. వంతు కోసం లైన్లో అరగంట నిలబడితే చాలు, ఇంజిన్ నీరసపడుతుంది."

"పడనీ. పగలదు కదా? టర్బో ఒత్తిడి పెంచాం. ఆ ప్లాస్టిక్ అతుకు విచ్చుకుందంటే బ్రేకు తేలిగ్గా పడేలా దాన్నుంచి గొట్టంలో అందే సాయం కూడా పోతుంది. మలుపులో పెడలు రాయిలా అయిపోతే ఏం చేస్తావమ్మా?"

లేతు మిషన్ నడిపే బావమరిది పక్కనుంచి నవ్వాడు. "నిన్నొదిలేస్తే టైర్లు కూడా అల్యూమినియంతోనే పోత పోయిస్తావు బావా!"

"వాగింది చాలుగానీ, ఆ స్పానరిటివ్వు."

కూతురు మొదటి పరుగుకి అల్యూమినియంతోనే వెళ్లింది. ఎండలో నలభై నిమిషాలు లైన్లో నిలబడి, ఐదో స్థానంతో తిరిగొచ్చింది. మానిఫోల్డ్ మీద తడిగుడ్డ వేస్తే ఆవిరి లేచింది.

"ఇప్పుడు రెండోది బిగిస్తావా, నన్నే బిగించుకోమంటావా?"

ఆయనే బిగించాడు. బిగువు కొలిచే రెంచి టక్కుమనగానే ఆపాలి, ప్లాస్టిక్‌కి అంతే లెక్క. మేస్త్రీకది తెలుసు. కానీ ప్రతి బోల్టుకీ చివర్లో చేత్తో పావు చుట్టు వెయ్యనిదే ఆయన ఏనాడూ బండి బయటికి పంపలేదు. ఏడు బోల్టుల దగ్గర చేతిని ఆపుకున్నాడు. ఎనిమిదోది సరిగ్గా బ్రేకు గొట్టం పక్కన. భయమేసింది. చెయ్యి దానంతటదే తిరిగిపోయింది.

టిక్.

వాషరు సర్దుకుందా? పగిలిందా? లైటు వేసి చూశాడు. నలుపు మీద నలుపు, ఏం తెలుస్తుంది? అప్పటికే కూతురు హెల్మెట్ పెట్టుకుంది, కారు లైన్లోకి కదిలింది. ముందు మూడు కార్లున్నాయి. తర్వాత రెండు. ఒక్కటే మిగిలినప్పుడు వెళ్లి కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"దిగు తల్లీ. పావు చుట్టు ఎక్కువేశాను. ఏదో చప్పుడైంది."

"పగిలిందా?"

"తెలీదమ్మా."

"తెలీదంటే ఎలా నాన్నా? నువ్వే తెలీదంటే ఎలా?"

వెనక కార్ల హారన్లు మోగుతున్నాయి. కూతురు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి కొండదారి వైపు ఒకసారి చూసి, ఇంజిన్ ఆపేసింది. బావమరిదీ ఆయనా కలిసి కారుని పక్కకి తోశారు. ఎవరూ జోకు వెయ్యలేదు.

ఆమె వంతు దాటిపోయాక మేస్త్రీ ఆ ఎనిమిది బోల్టులూ విప్పాడు. మానిఫోల్డ్‌ని తుడిచి, ఎండకి పట్టి, అంచు పొడుగునా గోరుతో వెతకడం మొదలుపెట్టాడు. ఎక్కడా గీత కూడా లేదు. తిప్పి మళ్లీ వెతికాడు.

"చాల్లే నాన్నా, ఇంక పెట్టెయ్" అంది కూతురు నెమ్మదిగా.

ఆయన వినిపించుకోలేదు. వెంట్రుకంత పగులైనా సరే, ఒక్కటి కనిపిస్తే బాగుండునని గోరు అరిగేలా వెతుకుతూనే ఉన్నాడు.