చెల్లెలి గోలీ నేను మింగిన రోజులు

నా చిన్నప్పుడు మా చెల్లెలంటే నాకు ఒళ్లు మంట. ఇంతకాలానికి రాస్తున్నా ఈ మాట సిగ్గుగానే ఉంది. దానికి ఆరేళ్లు, నాకు తొమ్మిది. దానికి మూర్ఛలు వచ్చేవి. రాయచూరు దవాఖానలో ఇచ్చిన గోలీ రోజూ పొద్దున ఒకటి వేయాలి. చేదని బెల్లం ముద్దలో పెట్టి ఇచ్చేవాళ్లం. అది మింగి, పొద్దెక్కేదాకా పొలం గట్టు మీద గొంగడి పరుచుకుని తూగుతూ ఉండేది.

గిల్లేసూగూరు దగ్గర మా పొలానికి కాలవ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. జొన్న చేలు తప్ప ఎరగని మాకు వరి కొత్త, బురదలో వంగి కలుపు తీయడం కొత్త. నడుము పట్టేసి లేచి చూస్తే గట్టు మీద చెల్లెలు నిద్రపోతూ కనిపించేది. బెల్లం దానికే, నిద్ర దానికే, అమ్మ చెయ్యి దాని తల మీదే. నాకు కడుపు రగిలిపోయేది.

అమ్మా, నాన్నా, మేనత్తా తెల్లారకముందే పొలానికి పోయేవారు. గోలీ ఇచ్చి, చెల్లెల్ని వెంటబెట్టుకుని రావడం నా పని. ఒకరోజు గోలీ ఉన్న ముద్ద నేనే మింగి, దానికి ఉత్త బెల్లం పెట్టాను. ఆ నిద్ర కూడా నాకు కావాలనిపించింది. నమలకుండా మింగే అలవాటు కదా, దానికి తేడా తెలియలేదు.

నిద్రయితే వచ్చింది గానీ, హాయి రాలేదు. తల దిమ్మెక్కింది, కాళ్లు తడబడ్డాయి, మడిలో రెండుసార్లు కూలబడ్డాను. పైరు తొక్కానని అమ్మ వీపు మీద ఒకటి వేసింది. చెల్లెలేమో గట్టు మీద గంతులు. పిల్ల హుషారైందని అమ్మ మురిసిపోయింది. దాని మందు మింగి నేను దెబ్బలు తింటుంటే, మందు లేకుండానే దానికి మెప్పు. ఆ ఉక్రోషంతో మరి రెండు రోజులు అలాగే చేశాను.

నాలుగో రోజు చెల్లెలు పంటకాలవ ఒడ్డున ఆడుతూ ఒక్కసారిగా బిగుసుకుపోయి నీళ్లలో పడింది. మా మేనత్త ఉరికి బయటికి లాగింది. ఆమె మా ఇంట్లోనే ఉండేది, చెల్లెల్ని దవాఖానకు తీసుకుపోయేదీ ఆమే. చేతికి ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని ఎవరో కొడవలి తెస్తే, అత్త దాన్ని అవతలికి నెట్టి పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. చెల్లెలి పెదవులు నీలంగా ఉన్నాయి. అది లేకుంటే బాగుండని ఎన్నిసార్లు అనుకున్నానో నాకు తెలుసు. ఇప్పుడు నిజంగానే లేకుండా పోతుందేమోనని వణికిపోయాను. కాసేపటికి నీళ్లు కక్కి ఊపిరి తీసుకుంది.

అందరూ సర్దుకున్నాక, మూడు రోజులుగా మడిలో నా తూగు చూస్తున్న అత్త నన్ను పక్కకు పిలిచి, గదవ పట్టుకుని కళ్లలోకి చూసింది.

"నోరు చేదుగున్నదా?"

అబద్ధం ఆడే తెలివి రాలేదు. తలూపాను.

"మూడు దినాలకే నువ్వు నిలబడలేకపోతివి. అది ఏడాది సంది గట్లనే తిరుగుతున్నది. పని ఎగ్గొట్టనీకె పండుకుంటదనుకుంటివా? నిద్ర ఎక్కువైతే వచ్చి చెప్పుమన్నడు డాక్టరు. ఒక్క దినం గూడ బందు పెట్టొద్దన్నడు. బందు పెడితే ఏమైతదో చూస్తివి గదా."

కొట్టలేదు, అమ్మకూ చెప్పలేదు. మర్నాడు చెల్లెల్ని దవాఖానకు తీసుకుపోయి దాని మత్తు సంగతి చెప్పింది. డాక్టరు గోలీని రాత్రి పూటకు మార్చాడు, పగటి తూగు చాలా తగ్గింది. గోలీ ఇచ్చే పని మాత్రం అత్త మళ్లీ నాకే అప్పగించింది. డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించి పూర్తిగా ఆపించేదాకా, ఏళ్ల తరబడి, అది మింగేదాకా నేను కదిలేదాన్ని కాదు.

అత్త పోయి చాలాకాలమైంది. చెల్లెలికి ఇప్పుడు మనవలు. వాళ్లను కూర్చోబెట్టుకుని నన్ను చూపిస్తూ, "మా అక్క ఒక్క దినం గూడ తప్పకుండ గోలి ఇచ్చింది, గందుకే బతికిన" అంటుంది. అంత సులువుగా మనిషిని నమ్మగలిగే దాని మనసు చూస్తే నాకు ఇప్పటికీ అసూయే. ఆ మాట అన్న ప్రతిసారీ నిజం చెప్పేద్దామని నోరు తెరుస్తాను. ఇంతవరకూ చెప్పలేదు.